ఉప్పు డబ్బాలో పంచదార: పోలండ్‌లో ఒక ఎండాకాలం కారు ప్రయాణం

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? సరే, అయితే మొదలుపెడతాను.

నన్ను పిలిచినప్పుడు "పోలండ్ విశేషాలు చెప్పమ్మా, ఫోటోలు కూడా చూపించు" అన్నారు. తీరా ఇక్కడికొస్తే ప్రొజెక్టర్ పనిచేయట్లేదట. ఒకందుకు మంచిదే, ఆ ఫోటోల్లో ఊళ్ళకంటే నేనే ఎక్కువ ఉంటాను.

మన దగ్గర చాలామందికి పోలండ్ పేరు గట్టిగా వినపడింది 2022లో. ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలవగానే మన మెడికల్ స్టూడెంట్లు ఆ చలిలో బోర్డర్ దాటి వచ్చిన దేశాల్లో అదొకటి. నేను అప్పటికే క్రాకోవ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. అక్కడ నాలుగేళ్ళున్నా, నిజం చెప్పాలంటే ఆ దేశం చూడలేదు. ఆఫీసు, ఇల్లు, ఇండియన్ స్టోర్, చవగ్గా ఫ్లైట్ దొరికితే ఇటలీకో స్పెయిన్‌కో పరిగెత్తడం, అంతే. మా ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయి, పుట్టిపెరిగింది అక్కడే, ఒకరోజు లంచ్ దగ్గర అడిగింది: "రోమ్ చూశావు, బార్సిలోనా చూశావు, మా అవ్వ ఊరు ఎప్పుడు చూస్తావు?" అని. అలా మొదలైంది ఈ ప్రయాణం. తన పేరు మాత్రం చెప్పొద్దంది, "మీవాళ్ళు ఎలాగూ సరిగ్గా పలకలేరు, ఎందుకు పాడుచేయడం" అని. కాబట్టి ఇవాళంతా "మా ఫ్రెండ్" అనే అంటాను.

జూలై ఆఖరి వారం. కారు తనది, పాతది, ఏసీ పనిచేయదు. కర్నూలు ఎండల్లో పెరిగినదాన్ని, మీ 30 డిగ్రీలు నన్నేం చేస్తాయిలే అన్నాను. మధ్యాహ్నం రెండింటికి హైవే మీద కిటికీ దించితే చెవులు చిల్లులు పడే గాలి, ఎక్కిస్తే లోపల ఇడ్లీ పాత్ర. పైగా అక్కడ ఆ రోజుల్లో ఎనిమిదిన్నర దాకా పొద్దుపోదు. సాయంత్రం చల్లబడుతుందిలే అనుకుంటాం, ఆ సాయంత్రం ఎంతకీ రాదు. ఇంకోటి, పట్టపగలు హెడ్‌లైట్లు వేసి నడుపుతోంది. ఎదురొచ్చేవాళ్ళవి కూడా వెలుగుతున్నాయి. నేను మన అలవాటు ప్రకారం గుప్పిట మూసి తెరిచి, లైటు లైటు అని సైగ చేయబోయాను. తను నా చెయ్యి పట్టుకుని ఆపింది, "వేయకపోతే ఫైన్" అని. ఏడాది పొడుగునా, రాత్రీ పగలూ లైట్లు వేసే నడపాలి అక్కడ.

మేం వెళ్ళిన దారి ఇది: క్రాకోవ్ నుంచి పడమరకి వ్రోత్స్వాఫ్, అక్కణ్ణుంచి ఉత్తరానికి పోజ్నాన్, తోరున్, సముద్రం ఒడ్డున గ్దాన్స్క్, తిరిగి దక్షిణానికి దిగి వార్సా. ఆగస్టు 1కి వార్సాలో ఉండాలని తను ముందే షరతు పెట్టింది. ఎందుకని అడిగితే, "వెళ్ళాక చూద్దువు గానీ" అంది.

పేర్లు చెప్పేశాను గానీ, వాటిని పలకడం నేర్చుకోవడానికే నాకు సగం దారి పట్టింది. పటంలో లోడ్జ్ అని కనిపించే ఊరి పేరు వూచ్. వార్సాని వాళ్ళు వర్షావా అంటారు, పేరుకు తగ్గట్టే మేం దిగిన రోజు వర్షం పడింది. ఇంకో తమాషా ఏంటంటే, ఊరి పేరు ఒక్కచోట ఉన్నట్టు ఇంకోచోట ఉండదు. ఊరు క్రాకుఫ్, ఊరికి పోతే దొ క్రాకోవా, ఊళ్ళో ఉంటే ఫ్ క్రాకోవ్యె. వీళ్ళకేం పిచ్చా అనుకున్నాను. రెండో రోజు లెక్కపెట్టి చూస్తే అవి విభక్తులు! డుమువులు ప్రథమా విభక్తి అని మనం బట్టీపట్టిన సరుకే. మనకి ఎనిమిదైతే వాళ్ళకి ఏడు. మన సంబోధన ప్రథమ కూడా ఉంది వాళ్ళకి. అవ్వని బాబ్చా అంటారు, పిలిచేటప్పుడు మాత్రం "బాబ్చూ!" అనాలి. ఇంగ్లిష్ మాత్రమే వచ్చినవాళ్ళకి ఇది గుండెపోటు. తెలుగువాళ్ళకి అంత కష్టమేం కాదు, నాకు మా తెలుగు మాస్టారు గుర్తొచ్చారు, అంతే.

క్రాకోవ్ సంగతి త్వరగా చెప్పేస్తాను, అక్కడికి అందరూ పోతారు. ఊరి నడుమ పెద్ద చదరం, ఒక్కో వైపు దాదాపు 200 మీటర్లు. దాని మూలన మేరీమాత చర్చి, రెండు గోపురాలు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. పొడుగు దాని మీద నుంచి గంటగంటకీ ఒకాయన బూర ఊదుతాడు, నాలుగు దిక్కులకీ తిరిగి నాలుగుసార్లు, ప్రతిసారీ పాట మధ్యలో తుంచేస్తాడు. పూర్వం తాతార్లు దండెత్తి వచ్చినప్పుడు హెచ్చరిక ఊదుతున్నవాడి గొంతులో బాణం దిగిందని కథ. కథ కథే అనుకోండి. నాకు నచ్చింది వేరే, ఆ ఊదేవాళ్ళు ఫైర్ సర్వీసు ఉద్యోగులు. డ్యూటీ చార్టులో బూర కూడా ఉంటుందన్నమాట. నాలుగేళ్ళు విన్నాను ఆ పాట, పూర్తిగా ఎలా ఉంటుందో ఆలోచన కూడా రాలేదు. మా ఫ్రెండ్‌ని అడిగితే, "పూర్తి పాట ఏదీ లేదు, అదే పూర్తి" అంది.

ఆష్‌విట్జ్ గురించి అడుగుతారని తెలుసు. క్రాకోవ్‌కి దగ్గర్లోనే. ఒకసారి వెళ్ళాను, ఒంటరిగా. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు 11 లక్షల మందిని చంపిన చోటు, వాళ్ళలో 10 లక్షల మంది దాకా యూదులు. దాన్ని ఎండాకాలం టూరు కబుర్లలో కలపడం నాకు ఇష్టం లేదు. ఇంకోసారి ఎప్పుడైనా విడిగా మాట్లాడుకుందాం.

ఇక వ్రోత్స్వాఫ్. ఇక్కడ కాస్త ఆగుతాను, మా ఫ్రెండ్ ఊరు ఇదే.

క్రాకోవ్ నుంచి 270 కిలోమీటర్లు. 1945 దాకా ఆ ఊరు పేరు బ్రెస్లావ్, జర్మనీలో ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక గెలిచినవాళ్ళు పోలండ్ పటాన్ని ఎత్తి పడమరకి జరిపారు. అతిశయోక్తి కాదు, నిజంగా జరిపారు. తూర్పున ఉన్న ల్వూఫ్, ఇవాళ ఉక్రెయిన్‌లో ల్వీవ్ అంటున్నామే, అది సోవియట్‌కి పోయింది. పడమరన బ్రెస్లావ్ పోలండ్‌కి వచ్చింది. జర్మన్లని బండ్లెక్కించి పడమరకి పంపేశారు, తూర్పునుంచి వచ్చిన పోలిష్ వాళ్ళని ఆ ఖాళీ ఇళ్ళల్లో దింపారు. ఊరు కదల్లేదు, మనుషులందరూ మారిపోయారు. వచ్చినవాళ్ళు ఒట్టి చేతులతో రాలేదు. ల్వూఫ్‌లోని పెద్ద గ్రంథాలయం ఒసొలినెయుమ్ పుస్తకాలు కొన్ని వెంట వచ్చాయి. చదరంలో నిలబడ్డ ఫ్రెద్రో అనే రచయిత విగ్రహం కూడా ల్వూఫ్‌దే, 1956లో ఇక్కడ పెట్టారు. 114 మీటర్ల పొడవు, 15 మీటర్ల ఎత్తున, గుడ్డ మీద వేసిన బొమ్మ ఒకటి ఉంది, రత్స్వావిత్సె యుద్ధం బొమ్మ. దాన్ని చాపలా చుట్టి తెచ్చారు. 1794లో రష్యన్లని పోలిష్ వాళ్ళు ఓడించిన యుద్ధం అది. సోవియట్ అన్నయ్యకి కోపం వస్తుందని బొమ్మని చుట్టచుట్టే ఉంచారు, జనానికి చూపించింది 1985లో!

ఈ ఊరి వీధుల్లో మోకాలెత్తు కూడా లేని కంచు మరుగుజ్జు బొమ్మలుంటాయి, వందలకొద్దీ. పిల్లలు లెక్కపెట్టుకుంటూ తిరుగుతారు. నేనూ తిరిగాను, సిగ్గేముంది. దాని వెనక కథ మాత్రం పిల్లలది కాదు. 1980ల్లో కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని తిడుతూ గోడల మీద రాతలు రాసేవాళ్ళు, పోలీసులు వాటి మీద రంగు పూసేసేవాళ్ళు. ఆరెంజ్ ఆల్టర్నేటివ్ అనే కుర్రాళ్ళ గుంపు ఆ రంగు మచ్చల మీద మరుగుజ్జుల్ని గీసింది. మరుగుజ్జు బొమ్మ గీశాడని మనిషిని జైల్లో వేస్తే ఎవరు నవ్వులపాలవుతారు? దాని గుర్తుగా 2001లో మొదటి కంచు బొమ్మ పెట్టారు. తర్వాత అవి పుట్టలోంచి ఉసిళ్ళు వచ్చినట్టు వచ్చాయి.

ఆ రాత్రి ఊరి బయట పల్లెలో అవ్వ దగ్గర ఉన్నాం. ఆవిడకి 84 ఏళ్ళు. గుమ్మం బయటే "బాబ్చూ!" అని పిలిచాను, నేర్చుకున్న విభక్తి వాడాను కదా, ఆవిడ పొంగిపోయింది. ఇంక నాకు తిండి ఆపలేదు. ఆ వేడికి చల్లగా ఉంటుందని హ్వోద్‌నిక్ చేసింది. బీట్‌రూట్ పెరుగుపచ్చడిలో మజ్జిగ పోసి పలచన చేసినట్టుంటుంది, గులాబీ రంగు, పైన సోంపాకులాంటి సన్నాకు, ఉడికిన గుడ్డు. బాగుంది, కాకపోతే ఉప్పు తక్కువ. అలమరలో తెల్ల పింగాణీ డబ్బాలు వరసగా ఉన్నాయి, వాటి మీద నీలం రంగు జర్మన్ అక్షరాలు. ఫోన్‌లో నాలుగు ముక్కల జర్మన్ నేర్చుకున్నాను కదా, పెద్ద తెలివిగా "జాల్ట్స్", అంటే ఉప్పు, అని రాసి ఉన్న డబ్బా తీసి చెంచాడు వేసుకుని కలిపాను. నోట్లో పెట్టుకుంటే తీపి! అది పంచదార. (నవ్వులు) అవ్వా, మా ఫ్రెండ్ ఒకర్నొకరు చూసుకుని నవ్వుతున్నారు, ఆ ఇంటికి వచ్చిన కొత్తవాళ్ళందరూ అక్కడే బోల్తాపడతారట.

1945లో ఆవిడకి ఆరేళ్ళు. ల్వూఫ్ దగ్గరి పల్లె నుంచి వారాల తరబడి గూడ్సు బండిలో వచ్చారు, వాళ్ళ ఆవు కూడా అదే పెట్టెలో. ఈ ఇంట్లో దింపితే బల్ల మీద పళ్ళాలు సర్దినవి సర్దినట్టే ఉన్నాయట. వాళ్ళమ్మకి జర్మన్ రాదు. చేతికందిన డబ్బాలో పంచదార పోసింది. ఆ తర్వాత ఎవరో చదివి చెప్పినా మార్చలేదు. అలాంటి వస్తువులకి అక్కడ ఒక మాటే ఉంది, పొన్యెమ్యెత్స్కియె, అంటే జర్మన్లు పోగా మిగిలినవి. బల్ల, మంచం, అలమర, ఇల్లు, ఊరు. చాలా ఏళ్ళు వాళ్ళ నాన్న ఇంటి కప్పు బాగుచేయించలేదట, ఎందుకంటే జర్మన్లు తిరిగొస్తారనీ, తామూ తిరిగి పోతామనీ నమ్మకం. పెట్టెలు సర్దే ఉంచుకున్నారు. ఆ సరిహద్దుని పశ్చిమ జర్మనీ ఒప్పుకుంటూ సంతకం పెట్టింది 1970లో. దాని తర్వాతే పెంకులు మార్పించాడట ఆయన.

అప్పుడు నేను మా అవ్వ గురించి చెప్పాను. ఇక్కడ కర్నూల్లో మీకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు, మాది శ్రీశైలం ముంపులో పోయిన ఊరు. ఖాళీ చేయించినప్పుడు మా అవ్వ తలుపులు, దూలాలు, రోలు బండి మీద వేయించుకుని వచ్చింది. మా ఇంట్లో దేవుడి గది ఇంతే ఉంటుంది, దాని తలుపు మాత్రం ఇంత. చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు, గదికంటే తలుపు పెద్దదేంటని. ఎండాకాలం నీళ్ళు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడిందని తెలిస్తే మా అవ్వ ప్రయాణం కట్టేది. దేవుడి కోసమా, తన ఊరి వైపు చూసుకోవడానికా, నేనెప్పుడూ అడగలేదు.

మా ఫ్రెండ్ ఇదంతా ముక్కముక్కగా అనువాదం చేసి చెప్పింది. బాబ్చా అయ్యో అనలేదు, కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. ఒకటే అడిగింది: "మీకు ఖాళీ స్థలం ఇచ్చారా, వేరేవాళ్ళ ఇల్లు ఇచ్చారా?" పరిహారం కింద కొంత డబ్బిచ్చారు, ఖాళీ స్థలంలో మేమే కట్టుకున్నాం అన్నాను. "అయితే మీరే నయం. ఎవరి మంచం మీదా పడుకోలేదు" అంది.

ఆ తర్వాత మా అవ్వ పేరడిగి, రెండుసార్లు పలికి చూసుకుంది.

మర్నాడు పోజ్నాన్. అక్కడ టౌన్‌హాల్ గడియారంలోంచి మధ్యాహ్నం 12కి రెండు రేకు మేకలు బయటికొచ్చి 12సార్లు కొమ్ములతో కుమ్ముకుంటాయి. అది చూడ్డానికే పోయాం. 12 గంటల 10 నిమిషాలకి చేరుకున్నాం. పోజ్నాన్ గురించి ఇంతకంటే చెప్పలేను.

తోరున్ కోపర్నికస్ పుట్టిన ఊరు, 1473లో. అక్కడ ఆయన విగ్రహం కింద లాటిన్‌లో "భూమిని కదిపినవాడు, సూర్యుణ్ణీ ఆకాశాన్నీ ఆపినవాడు" అని ఉంటుంది. ఆయన ఊళ్ళో ఆయనకంటే ఎక్కువ అమ్ముడుపోయేది అల్లం, మసాలా వేసిన తేనె రొట్టె. ఆ ఊరు యుద్ధంలో పెద్దగా దెబ్బతినలేదు. మా ఫ్రెండ్ వీధిలో నడుస్తూ గోడలు తట్టి "ఇది ఒరిజినల్, ఇది కూడా ఒరిజినల్" అంటుంటే, చీరల కొట్లో జరీ గీకి చూసే మా పిన్ని గుర్తొచ్చింది. అలా ఎందుకంటోందో గ్దాన్స్క్ చేరాక తెలిసింది. గ్దాన్స్క్ నడివీధిలో రంగురంగుల పాత మేడలు, ఎంత అందంగా ఉంటాయంటే ఫోటో తీయకుండా ఉండలేం. దాదాపు అవన్నీ యుద్ధం తర్వాత కట్టినవే. ముందు ముఖం పాత కాలంది, వెనకాల మామూలు అపార్ట్‌మెంటు. వెనక సందులోకి తీసుకుపోయి చూపించింది, బట్టలారేసి ఉన్నాయి బాల్కనీల్లో.

గ్దాన్స్క్ షిప్‌యార్డ్ సమ్మె కథ చాలామందికి దాని నాయకుడు లేఖ్ వవెన్సా పేరుతో తెలుసు. నాకు కొత్తగా తెలిసిన పేరు అన్నా వాలెంటినోవిచ్. క్రేన్ ఆపరేటర్. యూనియన్ పనులు చేస్తోందని 1980 ఆగస్టులో, ఇంకో ఐదు నెలల్లో రిటైరవుతుందనగా, ఉద్యోగంలోంచి తీసేశారు. ఆమెని తిరిగి తీసుకోవాలని ఆగస్టు 14న సమ్మె మొదలైంది. 31కల్లా ప్రభుత్వం దిగివచ్చి ఒప్పందం మీద సంతకం పెట్టింది, అందులోంచే సాలిడారిటీ అనే కార్మిక సంఘం పుట్టింది. వాళ్ళ 21 డిమాండ్లు ప్లైవుడ్ చెక్కల మీద చేత్తో రాసి గేటుకి తగిలించారు. ఆ చెక్కలు ఇప్పుడు మ్యూజియంలో ఉన్నాయి. నేను వాటి ముందు చాలాసేపు నిలబడ్డాను. అక్షరాలు పైన పెద్దగా మొదలై కింద చోటు చాలక ఇరుకవుతాయేమో అని చూశాను, మనవాళ్ళు గోడమీద రాస్తే అలాగే అవుతుంది కదా. అలాంటిదేం లేదు, శుభ్రంగా రాశారు.

సముద్రం దగ్గర మాత్రం నవ్వుకున్నాం. బాల్టిక్ నీళ్ళు ఆ ఎండాకాలంలో కూడా కాలు పెడితే జివ్వుమంటాయి, మన సూర్యలంక, రుషికొండ అలవాటున్నవాళ్ళకి కష్టం. అక్కడివాళ్ళు మాత్రం పొద్దున్నే వచ్చి ఇసకలో కర్రలు పాతి, గుడ్డ చుట్టూ కట్టి, చోటు పట్టుకుంటారు. పరవాన్ అంటారు దాన్ని. గాలికి అడ్డమని పేరు, అసలు పని సరిహద్దు. మా ఫ్రెండ్ సిగ్గుపడుతూ "మా వాళ్ళ జబ్బు ఇది" అంది. బస్సు ఆగకముందే కిటికీలోంచి ఖర్చీఫ్ వేసి సీటు ఆపుకునే దేశం మాది, నువ్వు సిగ్గుపడకు అన్నాను.

ఆఖరికి వార్సా. జూలై 31 సాయంత్రం చేరాం, చెప్పాను కదా, వర్షంలో. పొద్దున ముందు నన్ను ఓఖోతా అనే పేటలో చిన్న పార్కుకి తీసుకుపోయింది. దాని పేరు "మంచి మహారాజు చౌక్". గుజరాత్‌లోని నవానగర్ సంస్థానం రాజు, జాం సాహెబ్ దిగ్విజయ్‌సింహ్‌జీ పేరు మీద. యుద్ధంలో సోవియట్ నేల మీద అనాథలైపోయిన పోలిష్ పిల్లల్ని 1942లో జామ్‌నగర్ దగ్గర బాలాచడిలో ఉంచి పోషించాడాయన. మన చరిత్ర పుస్తకాల్లో నేను ఆ మాట ఎక్కడా చదవలేదు, వార్సాలో చదివాను.

తర్వాత పాత పట్నం. 1944 ఆగస్టు 1న ఆ ఊరి జనం జర్మన్ సైన్యం మీద తిరగబడ్డారు. 63 రోజులు పోరాడి లొంగిపోయారు. ఆ కసికి జర్మన్లు మిగిలిన ఊరిని వీధి తర్వాత వీధి కాల్చి, పేల్చి నేలమట్టం చేశారు. యుద్ధం ముగిసేసరికి ఊరిలో నూటికి 85 వంతులు పోయింది. దాన్ని మళ్ళీ కట్టేటప్పుడు దేన్ని చూసి కట్టారంటే, 18వ శతాబ్దంలో ఆస్థాన చిత్రకారుడు బెల్లోట్టో వేసిన బొమ్మల్ని చూసి, యుద్ధానికి ముందు ఆర్కిటెక్చర్ విద్యార్థులు కొలిచి గీసి పెట్టిన కాగితాల్ని చూసి. బెల్లోట్టో అందం కోసం అక్కడక్కడా సొంత కవిత్వం కలిపాడట, ఆ కవిత్వాన్ని కూడా కట్టేశారు! 1980లో యునెస్కో దాన్ని వారసత్వ జాబితాలో చేర్చింది, మళ్ళీ కట్టిన ఊరు అని తెలిసే.

మరి ఇటుకలు? అన్ని ఇటుకలు ఒక్కసారి ఎక్కణ్ణుంచి వస్తాయి? చాలానే వ్రోత్స్వాఫ్ లాంటి పడమటి ఊళ్ళలో పడిపోయిన, పడగొట్టిన ఇళ్ళ నుంచి. రైళ్ళ కొద్దీ వచ్చాయి. మా ఫ్రెండ్ కోట గోడ దగ్గర ఆగి ఒక ఇటుక మీద అరచెయ్యి పెట్టింది. "ఇది మా ఊరిది అయ్యుండొచ్చు" అంది. కాసేపాగి, "అంటే, మాది కూడా కాదులే, అంతకుముందు వాళ్ళది" అంది.

సాయంత్రం ఐదుకి ఐదు నిమిషాలుందనగా ఊరి నడిబొడ్డున పెద్ద కూడలికి వచ్చాం. మామూలు ట్రాఫిక్కే, ఆఫీసు వదిలే టైము. సరిగ్గా ఐదింటికి సైరన్లు మోగాయి. తిరుగుబాటు మొదలైన గంట అది. కార్లు ఉన్నచోటే ఆగిపోయాయి, ట్రాములు ఆగిపోయాయి, డ్రైవర్లు తలుపులు తీసి కిందికి దిగి నిలబడ్డారు. ఎవరో ఎర్ర పొగ వెలిగించారు. మా ముందు ఒక బస్సు డ్రైవరు, యాభై దాటి ఉంటాయి, టోపీ తీసి చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. ఆయన పక్కన సైకిలు మీద డెలివరీ కుర్రాడు, నల్లటి జుట్టు, మనవాడిలా ఉన్నాడు, ఏం జరుగుతోందో తెలీక అటూ ఇటూ చూసి, అందర్నీ చూసి తనూ హెల్మెట్ తీశాడు. ఒక్క నిమిషం, అంతే.

సైరన్ ఆగింది. బస్సు డ్రైవరు టోపీ పెట్టుకుని ఎక్కాడు, వెనకవాడు హారన్ కొట్టాడు. మా ఫ్రెండ్ కళ్ళు తుడుచుకుని "ఆకలేస్తోంది" అంది. మిల్క్ బార్ అని ఉంటాయి అక్కడ, ప్రభుత్వం కొంత డబ్బు పెట్టుకుని చవగ్గా అన్నం పెట్టించే పాతకాలం క్యాంటీన్లు, మన అన్న క్యాంటీన్లు అనుకోండి. అందులో లైన్లో నిలబడి పియెరోగి తెచ్చుకున్నాం, ఉడకబెట్టిన కజ్జికాయల్లా ఉంటాయి, లోపల ఆలుగడ్డ, జున్నులాంటి పనీరు. టేబుల్ మీద రెండు గ్లాసు సీసాలున్నాయి, మూతలకి చిల్లులు, పేర్లేం రాసి లేవు. నేను ముందు చేతిలో కొంచెం పోసుకుని నాకి చూసి, అప్పుడు చల్లుకున్నాను.